చల్లటి ఇంజన్ చప్పుడు

ఆ కారు మా ఇంటికి ఎండాకాలంలో వచ్చింది. వానలు మొదలయ్యేదాకా అందులో ఏముందో మాకు తెలియలేదు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఉద్యోగంతో పాటు మా ఆయనా ఇక్కడికి వచ్చారు. నేను ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక ఇంటి కింది వాటాలో కాపురం. మామగారు పోయాక అత్తగారు తెనాలి నుంచి మా దగ్గరికే వచ్చేశారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. రిక్షా ఎక్కించాలంటే చెరోవైపూ పట్టుకుని లేపాల్సి వచ్చేది. ఆవిడ కోసమే ఒక పాత కారు చూద్దామన్నారు మా ఆయన. అరవైల మొదట్లో మాలాంటి వాళ్ళకు అది పెద్ద మాటే.

ఆబిడ్స్‌లో పింగాణీ సామాన్ల దుకాణం నడిపే ఒకాయన దగ్గర కారుందని ఆఫీసులో ఎవరో చెప్పారు. పాత హైదరాబాదు కుటుంబం. కింద దుకాణం, మేడ మీద ఇల్లు. వెనక పెరట్లో టార్పాలిన్ కింద నల్లటి విలాయతీ కారు. దాని మీద పావురాల రెట్టలు ఎండి అట్టలు కట్టి ఉన్నాయి. దుకాణదారు నలభై దాటని మనిషి. తాళంచెవి మా ఆయన చేతిలో పెడుతూ, "మా అన్నది సార్ ఇది. అన్న పోయిండు. నాకు నడపరాదు. ఊకెనే నిలబెడితే ఖరాబైతది," అన్నాడు. అన్న ఎలా పోయాడని మా ఆయన అడిగారు. గుండె ఆగిందని చెప్పి ఆయన టార్పాలిన్ మడతపెట్టడంలో పడ్డాడు.

ఇంజన్ స్టార్టయిన చప్పుడుకు నేను పైకి చూశాను. మేడ మీద కిటికీలో ఒకావిడ నిలబడి ఉంది. నేను చూస్తున్నానని తెలియగానే రెక్కలు దగ్గరికి లాగేసింది. ఆవిడ ఆయన వదిన అని, చనిపోయిన మనిషి భార్య అని తర్వాత తెలిసింది.

ఎండాకాలమంతా కారు బాగానే నడిచింది. నాలుగు అద్దాలూ దించుకుని హిమాయత్‌నగర్ వెళ్లేవాళ్ళం, అక్కడ మా ఆయన పిన్ని కూతురి ఇల్లుంది. అత్తగారు ముందు సీట్లో, ఎడమవైపు కూర్చునేవారు. వెనక సీట్లోకి ఎక్కడానికి ఆవిడ మోకాళ్ళు వంగేవి కావు. ఒక్కటే తేడా. పొద్దున్న మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్లోంచి టకటకమని చప్పుడు వచ్చేది. ఎవరో లోపల కూర్చుని చిన్న సుత్తితో ఆపకుండా కొడుతున్నట్టు ఉండేది. కాసేపు నడిచాక దానంతటదే ఆగిపోయేది.

నాంపల్లిలోనే కార్లు బాగుచేసే ఒక మిస్త్రీ షెడ్డు ఉండేది. మొదటిసారి కారు అక్కడికి తీసుకెళ్లినప్పుడు ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "గీ బండి నాకెరుకే," అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. చప్పుడు సంగతి చెబితే బానెట్ ఎత్తి విన్నాడు. చప్పుడు లేదు. సందులోంచి ఆయన షెడ్డు దాకా వెళ్లేసరికే ఇంజన్ వేడెక్కి చప్పుడు ఆగిపోతోంది. డాక్టరు గుమ్మం దగ్గరికి రాగానే జ్వరం దిగిపోయే రోగిలా ఉంది దీని వ్యవహారం అని మా ఆయన నవ్వారు. మిస్త్రీ టాపెట్లు సరిచేశాడు, ప్లగ్గులు మార్చాడు. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే టకటక.

జూన్‌లో వానలు పట్టాయి. అద్దాలు ఎక్కించాల్సి వచ్చింది. మా ఆయన వైపు అద్దం మాత్రం కొంచెం దించే ఉండేది, మలుపుల దగ్గర చెయ్యి బయట పెట్టి చూపించాలి కదా. మా వైపు అన్నీ మూసే ఉండేవి. వాన వల్ల ఇంకో తంటా కూడా వచ్చిపడింది. తడిసినప్పుడు ఒకసారి ఇంజన్ ఆపితే మళ్ళీ అందుకునేది కాదు. ముందు హ్యాండిల్ పెట్టి ఎన్నిసార్లు తిప్పినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అందుకని వానలో ఎక్కడైనా కాసేపు ఆగాల్సి వస్తే మా ఆయన ఇంజన్ ఆపకుండా అలాగే వదిలేసేవారు.

ఆ రోజుల్లోనే నాకు తలనొప్పి మొదలైంది. కారు దిగాక కణతల్లో పోట్లు పొడిచేవి. ఇంటికొచ్చి పడుకుంటే తగ్గేది. నేను చూపు మందగించిందేమో అనుకుని కళ్ళద్దాలు మార్పించుకున్నాను. అత్తగారు కారెక్కిన కాసేపటికే నిద్రలోకి జారుకునేవారు. మొదట్లో మాకది ముచ్చటగానే ఉండేది. తర్వాత్తర్వాత ఆవిడ లేచే తీరు చూస్తే నాకు భయం వేసేది. కళ్ళు తెరిచి ఎదురుగా ఉన్నదేమిటో పోల్చుకోలేకపోయేవారు. ఒకసారి కాచిగూడ స్టేషన్‌లో బంధువుల్ని రైలెక్కించి వస్తున్నాం. ఇంటి ముందు దించుతుంటే ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇది ఎవరిల్లు అమ్మాయ్?" అని అడిగారు.

మా ఆయనకు ఏమీ అయ్యేది కాదు. అమ్మకు పెద్దతనం వచ్చింది, నీకు స్కూల్లో అరిచి అరిచి తలనొప్పి, అనేవారు. నేనూ కాదనలేకపోయాను. కానీ రాను రాను కారెక్కాలంటే జంకు పుట్టేది. తలుపు వేయగానే లోపల గాలి ఎవరో అప్పటికే పీల్చి వదిలినట్టు అనిపించేది. సన్నగా పొగవాసన ఉండేది. పాత కార్లన్నీ అంతేనని ఊరుకున్నాం.

శ్రావణమాసంలో ఒక సాయంత్రం ఆబిడ్స్‌కు వెళ్లాం. పెద్ద వాన. మందుల దుకాణం ఎదురుగా కారు ఆపి, ఇంజన్ ఆపకుండానే మా ఆయన గొడుగు వేసుకుని దిగారు. దుకాణంలో జనం బాగా ఉన్నట్టున్నారు, ఎంతకూ రాలేదు. అద్దాల మీద వాన ధారగా కారుతోంది. బయట దీపాలు చెదిరి కనిపిస్తున్నాయి. అత్తగారు తలుపుకు ఆనుకుని ఉన్నారు. నాకు కడుపులో తిప్పడం మొదలైంది. కారులో వాంతి అయితే ఎలాగని తలుపు తీసి, తడుస్తూనే దుకాణాల వరండాలోకి పరిగెత్తాను. కాళ్ళు తేలిపోతున్నాయి. స్తంభం పట్టుకుని వాంతి చేసుకున్నాను. చల్లగాలి తగిలేసరికి కొంచెం తేరుకుని, ముఖం తుడుచుకుని కారు వైపు చూశాను.

అత్తగారి చెంప అద్దానికి నొక్కుకుపోయి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. నా వైపే చూస్తున్నట్టున్నాయి కానీ నన్ను చూడడం లేదు. నేను వెళ్లి అద్దం మీద కొట్టాను. "అత్తయ్యా, అత్తయ్యా" అని పిలిచాను. రెప్ప కదల్లేదు. తలుపు తెరిచేసరికి ఆవిడ అలాగే నా మీదికి ఒరిగిపోయారు. ముఖం మాత్రం ఎప్పుడూ లేనంత కళగా, బుగ్గలు పసిపిల్ల బుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి.

దుకాణంలోంచి నలుగురు వచ్చి సాయం పట్టారు. ఆ కారులో కాదు, టాక్సీ పిలవండి అని నేను పట్టుబట్టాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. ఆక్సిజన్ పెట్టింది. కనురెప్పలు లేపి చూసి, గోళ్ళు చూసి, నన్ను పక్కకు పిలిచి అడిగింది.

"బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకున్న గదిలో ఉన్నారా?"

వానాకాలంలో కుంపటి ఏమిటని మా ఆయన చిరాకుపడ్డారు. నాకు నా పాఠం గుర్తొచ్చింది. గాలి సరిగా ఆడనిచోట మంట సగం సగం మండితే రంగూ వాసనా లేని ఒక విషవాయువు పుడుతుందని, అది రక్తంలో కలిస్తే మనిషి ఎర్రగానే కనిపిస్తూ చనిపోతాడని, చలికాలంలో కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకోవద్దని తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. ఇంజన్లో మండేది కూడా మంటేనని నాకు అప్పటిదాకా తట్టలేదు. డాక్టరమ్మకు కారు సంగతంతా చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, ఆ కారులో ఇక ఎవరూ కూర్చోవద్దంది.

అత్తగారు మర్నాటికి కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టారు. ఆవిడ దగ్గర హిమాయత్‌నగర్ ఆడపడుచును కూర్చోబెట్టి మేమిద్దరం ఇంటికి వచ్చాం. కారును ముందురోజే ఎవరో తోసుకొచ్చి సందులో పెట్టారు. మిస్త్రీని షెడ్డులో కాదు, పొద్దున్నే మా ఇంటికే రమ్మని, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడమని అడిగాను. ఆయన కాదనకుండా వచ్చాడు. మా ఆయన బయట నిలబడే హ్యాండిల్ తిప్పారు. చాలాసేపటికి ఇంజన్ అందుకుంది. టకటక మొదలైంది.

మిస్త్రీ బానెట్ లోకి వంగి చెవి పెట్టాడు. "ఇది టాపెట్ చప్పుడు కాదమ్మా. యాడనో గాలి కొడుతున్నది," అన్నాడు. ఎక్కడని చూస్తే కనిపించడం లేదు. పొగ ఉంటే తెలుస్తుందన్నాడు. నేను లోపలికి వెళ్లి అత్తగారి పూజగదిలోంచి అగరొత్తి వెలిగించి తెచ్చాను. ఆయన దాన్ని ఇంజన్ పక్కగా మెల్లగా జరుపుతూ వెళ్లాడు. పొగ తిన్నగానే లేస్తోంది. ఇంజన్లో కాలిన పొగంతా సైలెన్సర్లోకి పోయేముందు పోగయ్యే లావుపాటి ఇనప గొట్టం ఒకటి ఎడమవైపు ఉంటుంది. దాని అడుక్కి వచ్చేసరికి అగరొత్తి పొగ ఒక్కసారిగా తెగిపోయింది. మళ్ళీ లేచి మళ్ళీ తెగింది. ప్రతి టక్కుకూ ఒకసారి ఎవరో ఊదుతున్నట్టు.

గొట్టం అడుగున పగులు. అద్దం ముక్క కింద పెట్టి చూస్తే వెంట్రుకంత గీత, దాని చుట్టూ మసి. ఇనుము వేడెక్కితే ఉబ్బి పగులు దగ్గరపడుతుందని, అందుకే చప్పుడు ఆగుతుందని మిస్త్రీ చెప్పాడు. మేం చూస్తుండగానే టకటక తగ్గిపోయింది. ఆయన అగరొత్తి తియ్యలేదు. చప్పుడు పూర్తిగా ఆగిపోయాక కూడా పొగ అదురుతూనే ఉంది. పైనుంచి వాననీళ్ళు పడి చల్లబడితే పగులు మళ్ళీ తెరుచుకుంటుందన్నాడు. ఆగిపోయిందని మేం సంతోషించిన చప్పుడు వెనక ఇన్నాళ్ళూ ఇది జరుగుతూ వచ్చిందన్నమాట.

తర్వాత ముందు ఎడమ సీటు దగ్గర, అత్తగారు కాళ్ళు పెట్టుకునే చోట, రబ్బరు చాప లేపాడు. ఇంజన్‌కూ మనుషులకూ మధ్య ఉండే రేకులో పిడికిలి పట్టేంత చిల్లు. విలాయత్‌లో చలికి లోపలికి వేడిగాలి పంపే గొట్టం ఉండేదని, ఇక్కడ అక్కర్లేక ఎవరో పీకేసి ఉంటారని అన్నాడు. ఆ చిల్లులో ఒక గుడ్డ కుక్కి ఉంది. లాగితే సగమే వచ్చింది. మిగతాది కాలి బొగ్గయింది. చేతిలోకి వచ్చిన ముక్క ఊదారంగు చీర అంచు.

మిస్త్రీ ఇంజన్ ఆపి అక్కడే గడప మీద కూర్చున్నాడు. మా ఆయన ఏమైందని అడిగారు.

"దీన్ని నాంపల్లి స్టేషన్ కాడికెళ్లి దుకాణం దాకా తెచ్చింది నేనే సార్," అన్నాడు. "గా అన్న గీ కార్లనే పోయిండు, స్టీరింగ్ మీద. వాన కొడుతుండె. చావి ఆన్‌లనే ఉండె, ట్యాంకిల చుక్క పెట్రోల్ లేకుండె. గుండె ఆగిందన్నరు, నేను గూడ గట్లనే అనుకున్న."

ఆ గుడ్డముక్కను నేను కాగితంలో చుట్టి దాచాను.

ఆదివారం మా ఆయనా నేనూ ఆబిడ్స్ వెళ్లాం. దుకాణదారు మమ్మల్ని లోపలి గదిలో కూర్చోబెట్టి అంతా విన్నాడు. ముందు నమ్మలేదు. నేను నెమ్మదిగా మళ్ళీ చెప్పాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్న ఆ ఏడాది వానల్లో ఎప్పుడూ తల పట్టుకునేవాడని గుర్తు చేసుకున్నాడు. తర్వాత మా ఆయన చేతులు పట్టుకుని, "వదినకు చెప్పకుండ్రి సార్. ఇప్పుడిప్పుడే జర మనిషైంది," అన్నాడు. చెప్పబోమని మా ఆయన మాట ఇచ్చారు.

కానీ మేం లేచేసరికి మేడ మెట్ల మీద ఆవిడ కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చి కూర్చుందో ఎవరమూ చూడలేదు. మరిదిని పక్కకు జరగమని సైగ చేసి, నన్ను మాత్రం పైకి రమ్మంది.

పై గదిలో చాప మీద కూర్చున్నాం. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. ఆ గుడ్డ తన చీరదేనని ముందుగా చెప్పింది. కారులో పొగవాసన వస్తోందని భర్త అంటే, ఆ చిల్లులో తనే కుక్కిందట. ఆ రోజు తను పుట్టింటి నుంచి రైల్లో వస్తోంది. స్టేషన్‌కు రమ్మని తనే ఉత్తరం రాసింది. రైలు బాగా ఆలస్యమైంది. ఆయన కారులోనే కూర్చుని ఎదురుచూశాడు. నువ్వు వాణ్ణి రమ్మనకుండా రిక్షాలో వచ్చి ఉంటే మా వాడు బతికేవాడని వాళ్ళ అత్తగారు తను పోయేదాకా అన్నదట.

"నొప్పి అయి ఉంటదా?" అని అడిగింది.

లేదన్నాను. నేనూ ఆ కారులో కూర్చున్నానని, తల బరువెక్కి నిద్ర ముంచుకొస్తుందని, అంతకు మించి తెలియదని చెప్పాను. ఆవిడ ఊపిరి వదిలింది. చెప్పి మంచిపనే చేశాననిపించింది, ఒక్క నిమిషం.

"గట్లనా. అయితే ఒక మాట చెప్పు టీచరమ్మా. నేను రైలు దిగి బయటికొచ్చిన. వాన మస్తుగ కొడుతుండె. కారు దూరంగ దీపం కింద ఉండె. స్టీరింగ్ మీద తల పెట్టుకొని పండుకున్నడు. దుకాణంల పొద్దంత నిలబడి అలసిపోయిండు, లేపుడెందుకు, వాన తగ్గినంక పోదమనుకున్న. పోర్చిల నిలబడి ఆయననే చూసుకుంట ఉన్న. ఎంతసేపు నిలబడ్డనో తెల్వదు." ఆగి, నా ముఖంలోకి చూసింది. "గప్పుడు పోయి తలుపు తీస్తే?"

ఆవిడ కారు దగ్గరికి వెళ్లేసరికి ఇంజన్ ఆడుతోందా అని అడిగాను. లేదు, ఆగి ఉందట. వానలో అంత దూరం నుంచి ఆడుతోందో లేదో వినపడే వీలు లేదు. మిస్త్రీ చెప్పిన ఖాళీ ట్యాంకు గుర్తొచ్చింది. పెట్రోలు ఎప్పుడు అయిపోయిందో ఎవరు చెప్పగలరు? ఆవిడ రైలు దిగకముందా, పోర్చిలో నిలబడి ఉండగానా?

"మీరు వచ్చేసరికే ట్యాంకు ఖాళీ అయి చాలాసేపయింది. మీ రైలు రాకముందే అంతా అయిపోయింది," అన్నాను. క్లాసులో జవాబు చెప్పేటప్పటి గొంతుతో, తడబడకుండా చెప్పాను. సైన్సు చదివిన మనిషిని. అది నాకు తెలిసే అవకాశం లేదని నాకు తెలుసు. ఆవిడ తల ఊపింది. నమ్మిందో లేదో చెప్పలేను.

కారును మళ్ళీ నడిపించవచ్చని మిస్త్రీ అన్నాడు. గొట్టం మార్చి, చిల్లుకు రేకు వేసి అతికితే చాలు. మా ఆయన ఒప్పుకోలేదు. ఎవరికైనా అమ్మడానికి నేను ఒప్పుకోలేదు. చివరికి అఫ్జల్‌గంజ్ అవతల పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి తాడు కట్టి లాక్కుపోయారు. అత్తగారు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు. ఆవిడ మళ్ళీ లేచి తిరిగారు, వంట చేశారు, కానీ మనుషుల పేర్లు మర్చిపోవడం మాత్రం అలాగే ఉండిపోయింది.

దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం దుకాణదారు వదిన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నన్ను చూడడానికి వచ్చానంది కానీ, వెళ్లి అత్తగారి మంచం దగ్గర కూర్చుంది. నేను వంటింట్లో పాలు పొయ్యి మీద పెడుతున్నాను. ఆవిడ గొంతు బాగా తగ్గించి అడిగింది, ఆ రోజు కారులో అత్తగారికి ఎలా అనిపించిందని. నేను చెప్పింది చాలలేదన్నమాట. లోపలిదాకా వెళ్లి వచ్చిన మనిషి నోటి నుంచి వినాలనుకుంది.

అత్తగారు ఆవిడ వైపు తిరిగారు. పేర్లు మర్చిపోయే మనిషి ఏం చెబుతుందోనని నేను గుమ్మం దాకా వచ్చాను.

"ఏమీ తెలియలేదు తల్లీ," అన్నారు. "భోజనం చేసి వసారాలో నడుం వాలిస్తే కునుకు పడుతుంది చూడు, అంతే. ఎవరొచ్చారో, ఎవరు పిలిచారో ఏమీ తెలియదు. మా కోడలు లేపింది గనక లేచాను."

ఆవిడ అత్తగారి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. కాఫీ తాగి, చీకటి పడకముందే వెళ్లిపోయింది.

నేను గ్లాసులు తీస్తుంటే అత్తగారు పిలిచారు.

"అమ్మాయ్, ఆవిడకు అలా చెప్పాను గానీ, నువ్వు అద్దం మీద కొట్టడం నాకు వినిపిస్తూనే ఉంది. నీ గొంతు కూడా. చెయ్యి ఎత్తుదామనుకున్నాను. నా చెయ్యి ఎక్కడుందో నాకు దొరకలేదు."

అని, పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది చూడమన్నారు. నేను వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి ఎప్పుడో ఆర్పేసి ఉంది. ఆవిడ మళ్ళీ పిలిచేదాకా అక్కడే నిలబడి ఉన్నాను.